పై గీత దాటిన ఆయిల్

కీడెంచి మేలెంచాలంటారు. చిట్టి తల్లి మాత్రం కీడు దగ్గరే ఆగిపోయే మనిషి. కూతురు ఫోనెత్తకపోతే లోయలో పడిందని భయం, ఎత్తితే బండి నడుపుతూ మాట్లాడుతోందని భయం.

చిట్టి ఉద్యోగం కొండ మీది పాలకేంద్రంలో. రోజూ మలుపుల దారిలో ఎక్కి దిగాలి. ఎత్తుల్లో తేలిగ్గా లాగుతుందని, ఇంజన్లోకి గాలిని ఒత్తి బలం పెంచే టర్బో ఉన్న చిన్న కారు కొనుక్కుంది. ఆ వారం దాని వెనక నీలంగా పొగ మొదలైంది.

"టర్బో పోయినట్టుందమ్మా. ఎలాగూ మార్చాలిగా, పెద్దది వేయించేస్తా. లారీల వెనక ఈడ్చుకుంటూ పోలేక చస్తున్నా."

"లారీల వెనకే పోవే తల్లీ. ముందుకెళ్లి ఎవర్ని ఉద్ధరించాలి?"

"నువ్వూ రా. నీ భయాలన్నీ మెకానిక్‌నే అడుగు."

అడగడానికే వెళ్లింది. షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి, టర్బో నుంచి గాలి పోయే గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టాడు. వేలు జిడ్డుగా బయటికొచ్చింది.

"ఇక్కడికి ఆయిల్ వచ్చిందంటే దాన్ని ఆపే సీలు పోయుండాలి చెల్లెమ్మా. టర్బో దించాలి."

"దించాక మళ్లీ అదెందుకన్నా? పెద్దది ఎక్కించెయ్."

"ఎక్కిస్తే ఎక్కుతుంది. నేనైతే ముందు టైర్లు, బ్రేకులు మారుస్తా. ఆగడం రాకుండా పరుగెందుకు?"

"అవి తర్వాత చూద్దాంలే."

"నీ కారు, నీ ఇష్టం" అంటూ అతను స్పానర్ అందుకున్నాడు.

ఆయిల్ అన్న మాట వినగానే తల్లి ఓ అడుగు వెనక్కి వేసింది. కారు కొత్తలో చిట్టి ఒకసారి "ఆయిల్ తక్కువైతే టర్బో మాడిపోతుంది" అంది. అన్న మనిషి మరిచిపోయింది, విన్న మనిషికి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ పొద్దున్నే కూతురు స్నానానికి వెళ్లగానే తాళం తీసుకుని, డిక్కీలోని డబ్బా నుంచి ఇంజన్లో ఓ మూతెడు ఆయిల్ పోస్తోంది. బిడ్డ ఖాళీ కడుపుతో గడప దాటకూడదు. బిడ్డను మోసే బండి మాత్రం దాటొచ్చా?

ఇప్పుడు చెబితే నవ్వులపాలు. చెప్పకపోతే తాను పోసిన ఆయిలే పెద్ద టర్బోను తెచ్చి కూతురి కాలి కింద పెడుతుంది. కోరి కోరి దెయ్యాన్ని పిలిచి పీట వేసినట్టే. స్పానర్ తిరిగిన చప్పుడుకి ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆగు నాయనా! నేనే పోశాను."

"ఏం పోశావమ్మా?" అంది చిట్టి.

"ఆయిల్. రోజూ. కొంచెమేనే, ఒట్టు."

మెకానిక్ ఇంజన్లోంచి ఆయిల్ కొలిచే కడ్డీ లాగి తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ పై గీత దాటి ఎక్కడికో పోయింది. "ముందు చూడాల్సింది ఇదే. పొగ చూసి టర్బో మీదికి దూకాను" అని తల గోక్కున్నాడు. "పెద్దమ్మా, పెట్టీ పెట్టీ దీనికి అజీర్తి తెప్పించావు."

"ప్రమాదమా బాబూ?"

"ఎక్కువైంది తీసేసి, గొట్టాలు తుడిచి నడిపి చూద్దాం. పొగ ఆగితే టర్బో జోలికే పోనక్కర్లేదు."

"ఇంజనుకి గోరుముద్దలు పెట్టావా అమ్మా!" చిట్టి గొంతు కోపంగా లేచి, మధ్యలోనే నవ్వుగా విరిగింది.

"తిట్టు. ఎంతైనా తిట్టు. ఆ పెద్దది మాత్రం వద్దే."

చిట్టి వంగి ముందు టైరు మీద బొటనవేలు రాసింది. గాడులు అరిగి అరచేయంత నున్నగా ఉంది. ఈ టైరు మీదేనా తల్లి రోజూ తనని సాగనంపుతున్నది? "టైర్లు, బ్రేకులు చేసెయ్యన్నా" అంది నెమ్మదిగా.

సాయంత్రం బయల్దేరేసరికి వెనక పొగ లేదు. "బ్రేకులకి కొత్త ప్యాడ్లు, కాసేపు ఆపి ఆపి నడుపు. అప్పుడే పట్టు కుదురుతుంది" అని పంపాడు మెకానిక్.

ఖాళీ రోడ్డు మీద చిట్టి బ్రేకు తొక్కింది. కారు తొణక్కుండా నెమ్మదించింది. తల్లి మూసుకున్న కళ్లు తెరిచింది.

"మళ్లీ తొక్కు."

తొక్కింది.

"ఇంకోసారి."

"అమ్మా, ఇల్లు చేరాలా వద్దా?"

"చేరతాంలే. ఆపి ఆపి నడపమన్నాడు కదే!"