పెరటి వసారాలో మూడు రోజులు

"ఏమే, ఆ పొద మీద చెయ్యేశావా?" అని మా అత్తగారు సుబ్బాయమ్మగారు వంటింటి కిటికీలోంచి అడిగేసరికి నా చేతిలో కత్తెర ఉంది, ఒళ్లో దూసిన మల్లె ఆకులున్నాయి. ఇంక లేదనడానికి వీల్లేదు. మాఘమాసం వెళ్లేలోపు మల్లెకి ఆకు దూసి, ముదురు కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు నీళ్లు మాన్పిస్తే వేసవంతా విరగబూస్తుంది. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. కానీ నేను బయట చేరి అది రెండో రోజు. మా ఇంట్లో బయట చేరిన ఆడది మూడు రోజులు పెరటి వసారాలో చాప మీద ఉండాలి, వంటింటి గడప తొక్కకూడదు. పూలమొక్క ముట్టుకుంటే అది మాడిపోతుంది, దాని పూలు దేవుడికి పనికిరావు. తణుకులో ఎరువుల కొట్టు నడిపే మా ఆయన చంద్రరావుగారూ ఇది నమ్ముతారు. యూరియా ఎక్కువైతే మొక్క మాడిపోతుందని రైతులకి రోజంతా చెప్పే మనిషి, ఇంటికొచ్చేసరికి ఆడదాని చెయ్యి తగిలినా మాడిపోతుందంటారు.

అసలు సంగతి ఎవరికీ తెలియదు. నాకు ఆగిపోయి ఏడాది దాటింది.

మొదటి నెల రానప్పుడు చెబుదామనే అనుకున్నాను. ఆ ఉదయం ఇడ్లీ పిండి కలుపుతుంటే అత్తగారు, "ఏంటే, ఇంకా దూరం కాలేదా?" అన్నారు. ఏమైందో ఏమో, "అయ్యానండీ" అనేశాను. చాప, కంచం, చెంబు పట్టుకుని వసారాలోకి వచ్చి కూర్చున్నాను. ఇంత పెద్ద అబద్ధం ఎందుకాడానో అర్థం కాలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా నందివర్ధనం తెల్లగా పూసి ఉంది. ఆ పెరట్లో మందారాలు, నూరువరహాలు, కనకాంబరాలు అన్నీ నేను నాటినవే. కానీ రోజూ తెల్లారకుండానే అత్తగారు సజ్జ నిండా కోసేస్తారు, నేను కాఫీలు, టిఫిన్లు అయ్యి బయటికొచ్చేసరికి ఉత్త ఆకులే మిగులుతాయి. ఆ మూడు రోజులు మాత్రం ఆవిడకి పొయ్యి దగ్గరే సరిపోతుంది, పూలు కొయ్యడానికి తీరదు. నా పూలు చెట్టు మీద ఎలా ఉంటాయో నేను చూసేది అప్పుడే. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావోయ్?" అని నవ్వే మా ఆయన కూడా ఆ మూడు రోజులు అడగరు.

అలా నెలనెలా బయట చేరుతూనే ఉన్నాను. సుఖంగా ఉన్నానా అంటే అదీ చెప్పలేను. లోపల డెబ్భై ఏళ్ల అత్తగారు మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ గంజి వారుస్తుంటే ఇక్కడ చాప మీంచి సగం లేచేదాన్ని. పరిగెత్తుకెళ్లి గిన్నె అందుకుందామనిపించేది, వెళితే ఇక తిరిగి రాలేనని ఆగిపోయేదాన్ని. విచిత్రమేమిటంటే ఆ రోజుల్లో నిజంగానే నడుం లాగేది. మల్లె ముట్టుకోబోతే చెయ్యి వెనక్కొచ్చేది. మైల లేదని నాకు తెలుసు, అయినా మాడిపోతుందేమోనని భయం. ఇంతకీ నేను మోసం చేస్తున్నది వాళ్లనా, నన్నేనా? ఎన్నిసార్లు ఆలోచించినా తెగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి రాగానే నేను మల్లె ముట్టుకున్న సంగతి అత్తగారు చెప్పారు. "మైలపడ్డ పొద ఇంట్లో ఉండకూడదురా" అన్నారు.

"దానికేముందమ్మా, పీకేద్దాం. కడియం నర్సరీలకి వెళ్లినప్పుడు ఇంకోటి పట్టుకొస్తాను" అని ఆయన గునపం తీసుకుని పెరట్లోకొచ్చారు.

ఆ పొద పక్క వీధి దీనమ్మ టీచరుగారు వాళ్ల చర్చి ఆవరణలోంచి తెచ్చిచ్చిన అంటు. నా నడుం ఎత్తు పెరిగింది. నిజం చెబితే పొద బతుకుతుంది, నా మూడు రోజులు పోతాయి. నోరుమూసుకుంటే నా రోజులు నాకుంటాయి, మల్లె పోతుంది. ఏది వదులుకోవాలో తెలియక వెర్రిదానిలా ఆయన చేతిలో గునపాన్నే చూస్తూ కూర్చున్నాను. మొదటి పోటుకి పాదులో మట్టి పెళ్లగా లేచింది, తెల్లటి వేరొకటి బయటపడింది.

"ఆగండి" అన్నాను. "దానికేం మైల లేదు. నాకు ఆగిపోయి ఏడాది దాటింది."

ఆయన గునపం వదలకుండానే వాళ్లమ్మ వైపు చూశారు. అత్తగారు గుమ్మం పట్టుకుని, "ఏడాదా! మరి నెలనెలా ఇక్కడ కూర్చున్నదెందుకే?" అన్నారు.

"కూర్చోవడానికేనండీ."

ముందు ఆయనకే కోపమొచ్చింది. "అంటే ఇన్నాళ్లూ ఆ మోకాళ్లతో అమ్మ చేత వండించావా?"

"నేనొక్కదాన్నే తిన్నానాండీ? మీరూ ఆ మోకాళ్లు చూస్తూనే తిన్నారుగా."

అత్తగారు నా వంక అదోలా చూశారు. అది కోపమో మరేమిటో నాకు తెలియలేదు. చివరికి, "సర్లే, అయిందేదో అయింది. లేచి స్నానం చేసి లోపలికి రా, మినప్పప్పు నానబెట్టాలి" అన్నారు.

చాప మీద పడ్డ ఆకులు దులిపి, మళ్లీ పరుచుకుని కూర్చున్నాను.

"ఇంకా రేపొక్కరోజుందండీ" అన్నాను.