నేల మీంచి కనిపించే బొమ్మ

నలభై అంగుళాల టీవీ అంటే రెండు మూరల మీద నాలుగు వేళ్లు, ఆ మూల నుంచి ఈ మూలకు ఏటవాలుగా కొలుస్తారట, లింగయ్య మోచేతిని గాలిలోనే రెండుసార్లు చాచి చూసుకుని, ఎవరైనా గమనించారేమోనని చేతిని జేబులో పెట్టుకున్నాడు, నార్సింగిలో తన గది గోడ కళ్ల ముందుకొచ్చింది, దేవుడి పటాలను కాస్త పక్కకు జరిపితే చాలు, నలభై అంగుళాలూ హాయిగా పడతాయి, మదీనాగూడలోని ఈ దుకాణంలో చల్లగా ఉంది, అద్దానికి అవతల ముంబై రోడ్డు మీద మే నెల ఎండ కాస్తోంది, లోపల గోడ నిండా టీవీలు, ముప్పై ఉంటాయేమో, అన్నింట్లోనూ ఒకే వార్తల ఛానల్, ఒకే అమ్మాయి ముప్పై నోళ్లతో ఒకే మాట చెబుతోంది, ఇంకా ఎనిమిది రోజులు, జూన్ రెండున తెలంగాణ రాష్ట్రం, ఆ మాట ముప్పై వైపుల నుంచీ వచ్చి ఛాతీకి తగులుతుంటే ఇస్త్రీ చొక్కా లోపల ఒళ్లు పొంగుతోంది, చెప్పండి సార్, ఏ సైజు చూపించమంటారు అని మెడలో పేరు వేలాడదీసుకున్న సేల్స్‌మన్ అడిగాడు, రంగనాథ్ అట, సార్ అన్నాడు, పదకొండేళ్లుగా హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ గేటు దగ్గర నిలబడి రోజుకు నాలుగు వందలసార్లు తను అనే మాట, ఈ రోజు ఎదురొచ్చి తనకే తగిలింది, పెద్దది చూపియ్ అన్నాడు లింగయ్య, గొంతు తనదేనా అనిపించేంత నిండుగా వచ్చింది, అన్నిట్ల పెద్దది.

పెద్దదే కావాలి, ఎందుకంటే ఫిబ్రవరిలో ఢిల్లీలో బిల్లు పాసైన రోజు తను చూసిందంతా అద్దం ఇవతల నుంచే, డ్యూటీలో ఉన్నవాడు లోపలికి పోకూడదు, రిసెప్షన్‌లో గోడంత టీవీ, దాని ముందు సోఫాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు, బొమ్మ కదులుతోంది, మాట వినపడదు, కింద ఎర్ర పట్టీ మీద పరుగెత్తే అక్షరాలను కూడబలుక్కుంటూ తె, లం, గా, అంతలో ఎవరో అడ్డొచ్చి నిలబడ్డారు, వాళ్లు తప్పుకునే లోపల పట్టీ మారిపోయింది, సోఫాలో ఒకమ్మాయి లేచి పక్కమ్మాయిని కావలించుకుంది, ఇంకొకతను తల పట్టుకుని కూర్చున్నాడు, ఆ ముఖాలు చూసి తను సంగతి తెలుసుకున్నాడు, నాలుగేళ్లు ఎదురుచూసిన వార్త, బస్సులు బంద్ అయిన సమ్మె రోజుల్లో నార్సింగి నుంచి నడిచే డ్యూటీకి పోయి, నడిచే తిరిగొచ్చి, చౌరస్తాలో టెంట్ కింద దీక్షలో కూర్చున్నవాడు, ఒక్కరోజు డ్యూటీ ఎగ్గొట్టలేదు, ఒక్క సాయంత్రం టెంటూ ఎగ్గొట్టలేదు, అలాంటివాడు ఆ వార్త తెలిసిన క్షణాన చేతులు వెనక్కి కట్టుకుని ఒక అరచేతిని ఇంకో అరచేత్తో నొప్పి పుట్టేలా నొక్కుకున్నాడు, అంతే, తన పండుగ అంతే, ఆ రోజే అనుకున్నాడు, రాష్ట్రం వచ్చే పొద్దున నా ఇంట్లో నా టీవీలో చూస్తా, మాట వినపడేలా చూస్తా, గల్లీ అంతా నా గడప దగ్గర నిలబడి మెడలెత్తి చూసేంత పెద్దదాంట్లో చూస్తా.

ఇరవై ఐదు వేలు, దాని మీద ఒక్క రూపాయి గూడ ఎక్కొద్దు, షేర్ ఆటోలో వస్తూ రత్నమ్మ రెండుసార్లు అంది, చిట్టీ ఎత్తిన డబ్బు ఆమె చేతిసంచిలో ఉంది, ఆమెదీ హైటెక్ సిటీలోనే ఉద్యోగం, వేరే కంపెనీలో హౌస్‌కీపింగ్, చిట్టీలో సగానికి పైగా భార్య కట్టిందేనని లింగయ్య ఎవరికీ చెప్పడు, తనకు తను కూడా చెప్పుకోడు, సార్ ఇది నలభై, ఎల్‌ఈడీ, నలభై రెండు వేల ఐదు వందలండి అన్నాడు రంగనాథ్, పాతిక వేలే తెచ్చినం అన్నాడు లింగయ్య, కానీ ఆ బొమ్మ, ఎంత బొమ్మ, వార్తల అమ్మాయి చెవికమ్మల్లో రాళ్లు లెక్కపెట్టొచ్చు, ఏం పర్లేదు సార్, పాతిక ఇప్పుడు కట్టండి, మిగతాది నెల నెలా, వడ్డీ లేదు, జీతం స్లిప్పు ఉంటే చాలు, ఏ కంపెనీ సార్ మీది, లింగయ్య కంపెనీ పేరు చెప్పాడు, ఆ పేరు వినగానే రంగనాథ్ కళ్లు వెలిగాయి, అందులో ఏం చేస్తారు సార్, సెక్యూరిటీ అన్నాడు లింగయ్య, ఆ వెలుగు ఉన్నట్టే ఉండి కాస్త తగ్గింది, ఓ, అయితే స్లిప్పు ఏజెన్సీ వాళ్లదా అన్నా, సార్ పోయి అన్నా వచ్చింది, అన్నా అనడంలో తప్పేముంది, టెంట్ కింద ఎంతమంది అన్నా అంటే తను పొంగిపోలేదు, కానీ ఆ అన్నా వేరు, ఇది ఒక మెట్టు దిగి వచ్చిన అన్నా, లింగయ్య మెడ నిటారుగా చేసుకున్నాడు, ఇదే ఇయ్యి, కాయిదం తే, ఎక్కడ సంతకం పెట్టాల్నో చెప్పు అన్నాడు, పెన్ను చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, రత్నమ్మ ఏది.

నేల మీద ఉంది, ముఖం చూసుకోదగ్గంత మెరిసే తెల్లటి నేల మీద, గోడకు బిగించిన ఆ నలభై అంగుళాల టీవీకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, ఇంట్లో అన్నం ముందు కూర్చున్నంత తాపీగా కూర్చుని తలెత్తి చూస్తోంది, ఆదివారం, దుకాణం నిండా జనం, ఒకాయన ఆమెను దాటుకుని పోతూ తన పిల్లను చెయ్యి పట్టి పక్కకు లాక్కున్నాడు, వాషింగ్ మెషిన్ల దగ్గర ఇద్దరు నవ్వుకున్నారు, లింగయ్య చెవులు కాలాయి, లే, లే జర, అందరు చూస్తున్నరు, ఇదేమన్న మన వాకిలా అన్నాడు పళ్ల సందులోంచి, చూడనియ్యి అంది రత్నమ్మ, తల తిప్పలేదు, మనింట్ల టీవీ ఎట్ల చూస్తం, నిలవడి చూస్తమా, కుర్చీలున్నయా మనకు, కిందనే గద కూసునేది, నువ్వు గూడ కూసొని చూడు, బొమ్మ ఎట్ల నల్లగైతదో, లింగయ్య కూర్చోలేదు, ఎలా కూర్చుంటాడు, పెన్ను చేతిలో ఉంది, రంగనాథ్ చూస్తున్నాడు, పదకొండేళ్ల డ్యూటీలో ఒంటికి పట్టింది నిలబడటమే, కుర్చీ ఉన్నా కూర్చోకూడదని మొదటి రోజే చెప్పారు, కూర్చున్న సెక్యూరిటీని చూస్తే కంపెనీ పరువు పోతుందట, ఆ పరువు ఎప్పుడో తన ఒంట్లోకి ఎక్కేసింది, మోకాళ్లను మడవనివ్వడం లేదు.

లేవండి అమ్మా, కళ్లకు సరిసమానంగా పెట్టి చూడాలండి, కింది నుంచి చూస్తే ఏ టీవీ అయినా అంతేనండి అన్నాడు రంగనాథ్, మర్యాదగానే అన్నాడు, అన్ని అంతే కాదు తమ్మీ అంది రత్నమ్మ, మా ఆఫీసుల మీటింగ్ రూములు పద్నాలుగు, అన్నిట్ల గోడలకు టీవీలే, రోజు వాటి కింద కూసొనే నేల తుడుస్త, కొన్నిటి బొమ్మ కిందికెల్లి చూస్తే బొగ్గు లెక్కైతది, కొన్ని పైకెల్లి ఎట్లనో కిందికెల్లి గట్లనే ఉంటయి, పిరమున్నవే, పైసలెక్కువవే మంచిగుంటయని గూడ ఏం లేదు, లింగయ్యకు లోపల ఎక్కడో గుచ్చుకుంది, ఈ మాట ఆమె ఎప్పుడో అన్నం పెడుతూ చెప్పింది, తను ఊఁ అన్నాడు, వినలేదు, టెంట్ కింద ఉపన్యాసాలు మూడేసి గంటలు విన్నవాడు ఇంట్లో ఆ ఒక్క ముక్క వినలేదు, అంతలో పక్కన చీర చప్పుడైంది, అరవై దాటిన పెద్దావిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా రత్నమ్మ పక్కన కూర్చుంది, ఏమ్మా, నిజంగా నల్లగా కనపడతాందా, మేమూ కిందనే కూచ్చుంటాం, సోఫాలో నాకు కాళ్లు లాగుతాయి అంది, కడప యాస, అమ్మా లెయ్, అందరూ చూస్తాండారు, కుర్చీ తెప్పిస్తా అంటూ కొడుకు వెనకనే వచ్చాడు, ఆ ముఖం చూడగానే లింగయ్య గుర్తుపట్టాడు, హేమంత్ సారు, నాలుగో అంతస్తు, నీలం కారు, రోజూ తను గేటు తెరిస్తే లోపలికి పోయే మనిషి, అతను మాత్రం లింగయ్య వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు, యూనిఫాం లేకపోతే లింగయ్య ఎవరు.

ముప్పై టీవీల్లో డప్పులు, జెండాలు, రంగులు చల్లుకుంటున్న జనం, నేల మీద ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు, పెద్దావిడ పేరు పార్వతమ్మ అట, ప్రొద్దుటూరు, కొడుకు దగ్గరికి వచ్చి మూడేళ్లట, కాసేపు చూసి ఆమె గొంతు తగ్గించి రత్నమ్మను అడిగింది, రెండో తారీకు అయినాక మేము పోవల్లనామ్మా, మా అపార్ట్‌మెంట్లో అందరూ అదే మాట్లాడుకుంటాండారు, టీవీ గూడా అది తేలినాక కొందామన్నాడు వీడు, నేనే పట్టుబట్టి తోలుకొచ్చినా, హేమంత్ అమ్మా అన్నాడు గట్టిగా, ఈ ప్రశ్నకు జవాబుగా లింగయ్య ఎన్ని నినాదాలు ఇచ్చాడు, చెయ్యి పైకెత్తి, మెడ నరాలు ఉబ్బేలా, ఆ నినాదాల్లో ఒక్కదానికీ మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చున్న ముసలామె ముఖం లేదు, రత్నమ్మ నవ్వింది, నన్ను అడుగుతవేందమ్మా, ఎవరిని పోనియ్యాల్నో ఎవరిని ఆపాల్నో గేటు కాడ ఉండేటోనికి ఎరుక, ఇగో మా ఆయన, ఆయన్నే అడుగు, పార్వతమ్మ తల తిప్పి పైకి చూసింది, చాలా పైకి, అంత ఎత్తు నుంచి జవాబు చెప్పడం లింగయ్యకు చేతకాలేదు, పెన్ను కౌంటర్ మీద పెట్టాడు, ముందు ఒక మోకాలు వంగింది, తర్వాత రెండోది, నేల చల్లగా తగిలింది, ఎక్కడికి పోతవమ్మా అన్నాడు, నీ కొడుకు కారు నంబరు నాకు నోటికొస్తది, నాలుగు వేల నూట పదహారు, పొద్దుగాల తొమ్మిదిన్నరకు వస్తది, గేటు తెరిచేది నేనే, మూడో తారీఖు నాడు గూడ నేనే తెరుస్త, మా రాష్ట్రం మాకొస్తే నీ ఇల్లు నీకుండదా, పార్వతమ్మ చెయ్యి చాచి అతని మోచేతిని ఒకసారి తట్టింది, హేమంత్ ముఖంలోకి గుర్తు మెల్లగా వచ్చింది, మీరు మా గేట్ దగ్గర, అవును మీరే, నా కారు నంబర్ నాకే సరిగ్గా గుర్తుండదు అని నవ్వి, ఇన్నేళ్లలో మొదటిసారి పేరు అడిగాడు, లింగయ్య అన్నాడు లింగయ్య, కూర్చున్న చోటు నుంచే, చివర సార్ అని చేర్చడం మరిచిపోయాడు.

అప్పుడు తలెత్తి టీవీ చూశాడు, రత్నమ్మ చెప్పింది నిజమే, నలభై రెండు వేల ఐదు వందల బొమ్మ కింది నుంచి కమిలిపోయి ఉంది, వార్తల అమ్మాయికి కళ్లూ ముక్కూ తెలియడం లేదు, ఇక అక్కడి నుంచి వరస వెంట జరిగారు, ముందు రత్నమ్మ, ఆమె భుజం పట్టుకుని పార్వతమ్మ, వెనక లింగయ్య, ఒక్కో టీవీ ముందు కూర్చోవడం, లేవడం, చివరికి రంగనాథ్ కూడా ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చుని చూశాడు, నిజమేనమ్మా, రెండేళ్లుగా అమ్ముతున్నాను, ఇలా ఎప్పుడూ చూడలేదండి అన్నాడు, ఒక మూలన ముప్పై రెండు అంగుళాలది, పెద్దగా పేరు లేని కంపెనీ, ఎవరూ ఆగని చోటు, దాని ముందు కూర్చుని రత్నమ్మ కుడికి జరిగింది, ఎడమకు జరిగింది, తలుపు దగ్గర కూర్చునే వాళ్లకు ఎలా కనపడుతుందో చూడాలని అడుగులు కొలుచుకుంటూ వెనక్కి పోయి అక్కడా కూర్చుంది, మనది తొమ్మిది అడుగుల అర్ర, నలభై తెస్తే కండ్లు గుంజుతయి, ఇది సాలు, మంచిగున్నది అంది, ఇరవై నాలుగు వేల రెండు వందలు అన్నాడు రంగనాథ్, గోడకు బిగించే స్టాండు ఊరికే ఇయ్యాలె, రెండు కొంటున్నం గద అంది, రెండోది పార్వతమ్మది, నాకూ అదే అందామె, హేమంత్ ఇంకా పెద్దది అనబోయి ఊరుకున్నాడు, బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారు అని రంగనాథ్ లింగయ్యను అడిగాడు, రత్నమ్మ అన్నాడు లింగయ్య, ఇంటిపేరుతో సహా చెప్పాడు, చిట్టీల సగం కన్న ఎక్కువ ఆమెనే కట్టింది అని కూడా చెప్పాడు, ఎవరూ అడగకపోయినా, గట్టిగా.

ట్రాలీ ఆటో వెనక భాగంలో అట్టపెట్టెకు చెరో పక్క కూర్చున్నారు, ఎండ ఇంకా తగ్గలేదు, రత్నమ్మ కొంగు తల మీద కప్పుకుని పెట్టె మీద చెయ్యి వేసి పట్టుకుంది, కొండాపూర్ దాటాక అద్దాల మేడలు వరసగా ఎదురయ్యాయి, ఆ మేడల గురించి ఊళ్లో ఎన్ని గొప్పలు చెప్పాడు, మా బిల్డింగు, మా కంపెనీ, ఆ తర్వాత మా టెంటు, మా రాష్ట్రం, అన్నీ నిజమే, ఛాతీ పొంగిన మాటా నిజమే, ఈ రోజు పొంగింది మాత్రం ఇంతకు ముందు ఎరగనిది, ఏం చూస్తున్నవ్ గట్ల అంది రత్నమ్మ, ఏం లేదు, అంత మంది ముందట కింద కూసున్నవ్ గద, సిగ్గు కాలేదా అని అడిగాడు, సిగ్గెందుకు అంది, సిగ్గుపడితే మంచి చెడ్డ ఎట్ల తెలుస్తది, పెట్టె పట్టుకో జర, గుంతలున్నయి, ఆటో ఎగిరి పడింది, ఇద్దరూ పెట్టెను ఒడిసి పట్టుకున్నారు, ఆమె వేళ్లు అతని వేళ్లకు తగిలాయి, చీపుళ్లకూ ఫినాయిలుకూ గరుకుదేరిన వేళ్లు, ఆత్మగౌరవం అనే మాటను ఈ నాలుగేళ్లలో మైకుల్లో ఎన్నిసార్లు విన్నాడో, ఎన్నిసార్లు చప్పట్లు కొట్టాడో లెక్కలేదు, అది మనిషి రూపంలో ఎదురొస్తే ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ తెలియలేదు, ఇప్పుడు తెలిసింది, అందరూ నిలబడి ఉన్న చోట, తనకు కావలసింది చూసుకోవడానికి, ఎవరి అనుమతీ అడగకుండా కూర్చున్న మనిషిలా ఉంటుంది, ఆ మనిషి ఇరవై ఏళ్లుగా తన ఇంట్లోనే ఉంది.