నుదుటి మీద చలిమిడి

ఆ తలనొప్పి ముళ్ళకంచెతో పాటే వచ్చిందని బంగారమ్మ వాదన. కంచె దిష్టి కొట్టిందని ఆవిడ అంటే కూలీల లైన్లలో అందరూ నవ్వేవారు. ఇనపతీగకు దిష్టేమిటి, దానికేమన్నా కళ్ళున్నాయా అని కన్నకొడుకు కాంతయ్య కూడా నవ్వాడు. నవ్వేవాళ్ళకేం, తల వాళ్ళది కాదు. తల పట్టుకుని కూర్చునేది కోడలు రత్నావతి.

మలయాలో, బంటింగ్ దారిలో ఉన్న ఆ రబ్బరు తోటకు కంచె వచ్చి మూడేళ్ళు దాటింది. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగేవాళ్ళకు కూలీలు చాటుగా అన్నం అందిస్తున్నారని సర్కారువారి అనుమానం. అందుకని చెట్ల మధ్య అక్కడక్కడా ఉన్న ఇళ్ళన్నీ పీకించి, ఒకచోట లైన్లుగా కట్టి, చుట్టూ ముళ్ళతీగ బిగించి, ఒకే ఒక గేటు పెట్టారు. పొద్దున్నే రబ్బరుపాలు గీయడానికి వెళ్ళేవాళ్ళు గీతకత్తి, బాల్చీ పట్టుకుని పోవచ్చు గాని, అన్నం మెతుకు గేటు దాటకూడదు. దాటితే జైలు. అంతకుముందు గిన్నెలో చద్దన్నం పట్టుకెళ్ళి తొమ్మిదింటికి చెట్టునీడన తినేవారు. ఇప్పుడు ఆ గిన్నె ఇంట్లో బోర్లించి ఉంటోంది. చీకటితో లేచినప్పుడు ముద్ద ఎలాగూ దిగదు కనక గ్లాసుడు పాలులేని కాఫీ తాగి పోవడం, మధ్యాహ్నం ఒంటిగంటకు పాలు అప్పజెప్పి ఇల్లు చేరేదాకా మంచినీళ్ళతో సరిపెట్టుకోవడం.

రత్నావతికి నొప్పి ఎడమకంటి మీద మొదలయ్యేది. గంట తిరిగేసరికి సగం తల పట్టేసేది. వెలుతురు చూడలేదు, చప్పుడు భరించలేదు. గోడ పక్క చీకటి మూలన చాప వేసుకుని, తలకు గుడ్డ బిగించుకుని, కడుపులో నీళ్ళు కూడా నిలవక వాంతి చేసుకుంటూ పడుకునేది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. మర్నాడు తెల్లవారుజామున పెరట్టుకి, అంటే హాజరుకి, పిలుపు రాగానే లేచి వరసలో నిలబడేది. పేరు పిలిచినప్పుడు పలకకపోతే ఆ రోజు పని పోయినట్టే.

ఆ పిల్లకు వెనకాముందూ ఎవరూ లేరు. జపానువాళ్ళ కాలంలో తండ్రిని సయాం రైలుకట్టకు తోలుకుపోయారు, తిరిగి రాలేదు. ఆ దిగులుతోనే తల్లి పోయింది. అత్తారింటికి పంపేటప్పుడు తల్లి కూతురికి చలిమిడి పెట్టి కడుపు చల్లగా ఉండమని పంపుతుంది కదా, ఆ చలిమిడి పెట్టే చెయ్యి లేకుండానే రత్నావతి బంగారమ్మ గడప తొక్కింది. ఆ సంగతి అప్పట్లో బంగారమ్మ దెప్పింది కూడా. నోరు అంత మంచిది కాదు ఆవిడది. తర్వాత ఆ మాట తలుచుకున్నప్పుడల్లా తన నాలుక తనే కొరుక్కునేది.

మందులన్నీ అయ్యాయి. తోట ఆస్పత్రి డ్రెస్సరు తెల్లబిళ్ళలు ఇచ్చాడు, ఎర్రనీళ్ళు ఇచ్చాడు, చివరికి ఇది ఆడవాళ్ళకు మామూలేనని ఒక మాట ఇచ్చాడు. చీనావాడి కొట్టులో కొన్న ఘాటుతైలం నుదురు మండించింది తప్ప నొప్పిని కదిలించలేదు. బంగారమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. శొంఠి అరగదీసి పట్టు వేసింది. ఏదీ పనిచెయ్యకపోయేసరికి మొక్కు మొక్కింది. మంగళవారం మరిడమ్మకీ, శనివారం వెంకన్నకీ కోడలు దీపాలవేళ దాకా అన్నం ముట్టదని. ఇద్దరెందుకని కాంతయ్య అడిగితే, ఒక్కరైతే మరిచిపోవచ్చు, ఇద్దరైతే ఒకరికొకరు గుర్తుచేసుకుంటారని చెప్పింది.

నొప్పి తగ్గలేదు సరికదా, వారానికి నాలుగుసార్లయింది. దేవుళ్ళు పరీక్ష పెడుతున్నారనుకుని, రేపు వాళ్ళను నిలదీయడానికి రుజువు ఉండాలని, బంగారమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు గీయడం మొదలుపెట్టింది. రోజుకో గీత. నొప్పి వచ్చిన రోజు గీత కింద ఒక సున్న. ఆవిడకు అక్షరం రాదు గాని సున్న బాగానే చుట్టేది.

అలా ఉండగా నవంబరు ముసురు పట్టింది. చెట్లు తడిసిపోతే పాలు గీయడం ఉండదు కనక ఆ వారమంతా రత్నావతి ఇంట్లోనే ఉంది. పొద్దున్నే అత్తతో పాటు కూర్చుని, వేయించిన నెత్తళ్ళు నంజుకుంటూ చద్దన్నం తినేది. నొప్పి జాడ లేదు. పిల్ల మొహం తేటపడింది. బంగారమ్మ చిన్నప్పటి పాట ఏదో పాడుతుంటే గొంతు కూడా కలిపింది. వారం మధ్యలో ఒక్క మంగళవారం మాత్రం మిట్టమధ్యాహ్నానికి కన్ను పట్టుకుంది. ఎండ లేదు, చాకిరీ లేదు, పాలకంపు లేదు. అయినా వచ్చింది. శనివారం మళ్ళీ వచ్చింది.

ఆ సాయంత్రం బంగారమ్మ దీపం పట్టుకుని గోడ ముందు నిలబడింది. వానవారంలో రెండే సున్నలు. వాటి వెనక వారాలన్నీ చూసింది. మంగళవారం ఒక్కటి తప్పలేదు, శనివారం ఒక్కటి తప్పలేదు. మిగతా సున్నలన్నీ గేటు దాటి ఉత్తకడుపుతో పనిచేసిన రోజులవే. ఆదివారాలు, పండగలు, ఇంట్లో తిన్న రోజులు మాత్రం నున్నగా ఉన్నాయి. అన్నం లేక వచ్చే నొప్పికి ఉపవాసం మందుగా పోశానా అని గుండె బాదుకుంది.

మూలన చాప మీద రత్నావతి కళ్ళు మూసుకుని ఉంది. బంగారమ్మ వెళ్ళి ఆమె పాదాలు ఒళ్ళోకి తీసుకుని నొక్కడం మొదలుపెట్టింది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని.

"ఓలమ్మీ, నిన్ను పట్టిన దెయ్యం నానేనే," అంది.

రత్నావతికి అర్థం కాలేదు. గోడ సంగతి, సున్నల సంగతి బంగారమ్మ మెల్లిగా, చప్పుడు కాకుండా చెప్పింది. అంతా విని ఆ పిల్ల నొప్పిలోనే చిన్నగా నవ్వింది.

"దెయ్యాలు కాళ్ళు పిసకవత్తా," అంది.

మర్నాడు బంగారమ్మ స్నానం చేసి దేవుడి పటం ముందు చాలాసేపు కూర్చుంది. లేచి వచ్చి, ఇద్దరితోనూ మాట్లాడేశాను, ఇక నువ్వు ఉపవాసం ఉండక్కర్లేదని కోడలికి చెప్పింది. ఏం మాట్లాడిందో మాత్రం చెప్పలేదు.

ఇక మిగిలింది గేటు. పొద్దున ఆరింటి నుంచి ఒంటిగంట దాకా ఆ కడుపులో ఏదో ఒకటి పడాలి. గేటు దగ్గర ఆడవాళ్ళను తడిమి చూడడానికి పాపాత్తి అనే తమిళామెను పెట్టారు. లైన్లలో మనిషే, అయినా ఆమె చెయ్యి పడిందంటే రవికలో చీమ కూడా దాక్కోలేదని పేరు. కొప్పు విప్పుతుంది, చెంగు దులుపుతుంది, బాల్చీ తిరగేస్తుంది. ఎంత చూసినా ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోదని బంగారమ్మ కనిపెట్టింది. తలనొప్పి పట్టు. వాసనకు మొహం తిప్పుకుని పొమ్మంటుంది.

ఆ రాత్రే బంగారమ్మ రేషను బియ్యం గుప్పెడు నానబోసింది. తెల్లారుజామున దంచి, పిండిలో బెల్లం కలిపి, చలిమిడి చేసింది. అరటాకు పీలిక మీద దాన్ని రెండు వేళ్ళ మందాన పరిచి, పైన ఇంకో పీలిక కప్పి, గుడ్డలో చుట్టి కోడలి నుదుటికి కట్టింది. గుడ్డ అంచులకు ఘాటుగా అరగదీసిన శొంఠి పట్టించింది. తొమ్మిదింటికి చెట్టు వెనక కూర్చుని, కట్టు విప్పి తినెయ్యమంది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, ఈ పిల్ల చలిమిడి తినకుండా వచ్చిందని. అమ్మ పెట్టవలసింది అత్త పెడుతున్నానని పైకే అంది. రత్నావతి కట్టు సర్దుకునే నెపంతో కళ్ళు తుడుచుకుంది.

నెల తిరిగేసరికి గోడ మీద సున్నలు పలచబడ్డాయి. నొప్పి మొత్తం పోయిందని చెబితే అబద్ధం. నెలకు ఒకసారో రెండుసార్లో వచ్చేది. అయినా వారానికి నాలుగు ఎక్కడ, నెలకు రెండు ఎక్కడ.

బంగారమ్మకు మాత్రం ప్రతి పొద్దూ గండమే. ఆవిడ పని గేటు పక్కనే ఉన్న పిల్లల కొట్టులో, పాలు గీసేవాళ్ళ పసిబిడ్డలను చూసుకోవడం. అక్కడి నుంచి వరస కనబడుతుంది. కోడలి తల గేటు దాటేదాకా చూపు తిప్పేది కాదు.

ఒకరోజు గేటు దగ్గర తెల్ల సార్జెంటు ఒకడు నిలబడి ఉన్నాడు. పక్క తోటలో ఎవరి దగ్గరో బియ్యం మూట దొరికిందట. ఆ రోజు తలగుడ్డలు కూడా విప్పి చూడమని హుకుం. బంగారమ్మ చంకలో ఎవరి పిల్లాడో ఉన్నాడు. వాణ్ణి దింపడం కూడా మరిచిపోయి గేటు వైపు నడిచింది. అది నేను కట్టాను, దానికేమీ తెలియదు, నన్ను తీసుకుపొండి అని చెప్పాలని తమిళంలో మాటలు కూడబలుక్కుంటోంది.

చేరేలోపే పాపాత్తి రత్నావతి కట్టు విప్పేసింది. అరటాకు అంచు బయటపడింది. పాపాత్తి బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, రత్నావతి మొహంలోకి చూసింది. ఆ తర్వాత, పిల్లాణ్ణి చంకనేసుకుని బొమ్మలా నిలబడిపోయిన బంగారమ్మ వైపు చూసింది.

అదేమిటని సార్జెంటు అడిగాడు.

"ఒబాత్," అంది పాపాత్తి మలాయిలో, మందు అని. సార్జెంటు కాస్త వంగి, శొంఠి ఘాటుకు తుమ్మి, పొమ్మన్నాడు. పాపాత్తి తన చేత్తోనే కట్టు తిరిగి కట్టింది. రత్నావతి కళ్ళ నీళ్ళు తిరిగేంత గట్టిగా బిగించింది.

సాయంత్రం పాపాత్తి ఇంటికి వచ్చింది. పాపాత్తి లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, గొంతు తగ్గించి, తమిళంలో ఒక్క మాట చెప్పింది. శొంఠి ఇంకా ఎక్కువ వెయ్యి అక్కా, బెల్లం వాసన వస్తోందని. పొద్దున ఐదింటి నుంచి ఒంటిగంట దాకా గేటు దగ్గర తనూ ఉత్తకడుపుతోనే నిలబడతానని అప్పుడు చెప్పింది. బంగారమ్మ లోపలికి వెళ్ళి మిగిలిన చలిమిడి ముద్ద తెచ్చి చేతిలో పెట్టింది. పాపాత్తి అక్కడే నిలబడి అంతా తినేసింది.

ఏడాది గడిచింది. అడవిలో తుపాకుల మోత దూరమైంది. స్వతంత్రం వచ్చిన ఏడు మొదట్లో ఆ తోట దగ్గర అన్నం మీద ఆంక్ష ఎత్తేశారు. గేటు తెరిచే ఉంటోంది. బోర్లించిన గిన్నె మళ్ళీ వెల్లకిలా పడింది. రత్నావతి చద్దన్నం పట్టుకెళ్ళి చెట్టునీడన దర్జాగా తింటోంది. బంగారమ్మ గోడకు సున్నం కొట్టించింది.

మెర్దెకా, అంటే స్వతంత్రం వచ్చిన రోజు, శనివారం నాడు పడింది. తోటకు సెలవు. ఆఫీసు ముందు రేడియో పెట్టారు, పిల్లలకు కాగితం జెండాలూ మిఠాయిలూ పంచారు. కాంతయ్య పొద్దున్నే అక్కడికి పోయాడు. శనివారాలు ఎప్పుడూ పనిలో ఉండే రత్నావతి ఆ రోజు ఇంట్లో ఉంది. ఒక శనివారం పూట అత్తను పొద్దుటి నుంచి చూడడం చాలా కాలానికి అదే మొదలు.

పొద్దున చద్దన్నం పెట్టబోతే నేను తినేశానంది బంగారమ్మ. మధ్యాహ్నం వడ్డిస్తే తర్వాత తింటానంది. కాసేపటికి కనబడలేదు. రత్నావతి లోపలికి వెళ్ళి చూస్తే, గోడ పక్క చీకటి మూలన, తలకు గుడ్డ బిగించుకుని, ముడుచుకుని పడుకుని ఉంది. ఆ మూల, ఆ గుడ్డ, ఆ ముడుచుకోవడం రత్నావతికి ఒకరు చెప్పాలా. వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకోనక్కర్లేకుండానే అంతా తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచత్తా?" అంది పక్కన కూర్చుంటూ.

బంగారమ్మ కళ్ళు తెరవకుండానే చెప్పింది. "నోరు నాది గదేటి. మొక్కింది నాను, మాడ్చుకుంది నువ్వు. అందుకే నా మీదేసుకున్నాను."

"ఎప్పటిదాకా?"

"అది దేవుళ్ళకి నాను సెప్పనేదు. మరిచిపోనాను."

రత్నావతికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండేళ్ళకు దగ్గరపడుతోంది. వారానికి రెండురోజులు ఈ ముసలి ప్రాణం చంకన పిల్లలను మోస్తూ, సాయంత్రం దాకా పస్తుండి, పిల్లల కొట్టులోనే తినేశానని బొంకి, ఆ నొప్పంతా ఒక్కతే దాచుకుంది. పండక్కని నానబోసిన బియ్యం వంటింట్లో ఉంది. రత్నావతి లేచి వెళ్ళింది. రోటి చప్పుడుకు అత్త తల పగులుతుందని రోలు పెరట్లోకి దొర్లించుకుపోయి దంచింది. పిండి జల్లించి, బెల్లం కలిపి, అరటాకులో ముద్ద పెట్టుకుని వచ్చింది. అత్త తల ఒళ్ళోకి తీసుకుని, గుడ్డ వదులు చేసింది.

"మొక్కెందుకు మొక్కినావు? నా నొప్పి తగ్గాలని కదా. తగ్గినాది. దేవుళ్ళతో నాను మాటాడేసినాను. నోరు తెరు."

బంగారమ్మ ఒళ్ళో తల పెట్టుకునే ఆ ముద్ద వైపు చూసింది. ఆవిడ కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. అయినా ఓడిపోయే మనిషి కాదు.

"కూతురు తల్లికి సలిమిడి పెట్టడం ఏ దేశంలో ఉందే?" అంది.

ఆఫీసు వైపు నుంచి పిల్లలు మెర్దెకా, మెర్దెకా అని అరుచుకుంటూ లైన్ల మధ్య పరిగెడుతున్నారు. రత్నావతి చేత్తో అత్త చెవులు మెత్తగా మూసి, అరుపులు దూరమయ్యేదాకా ఆగి, చెయ్యి తీసింది.

"ఈ దేశంలోనే. ఈయేళే కదత్తా పుట్టినాది. ఆనవాయితీలు మనమే పెట్టాల."

బంగారమ్మ నోరు తెరిచింది.