నాలుగింటి దగ్గు

గడియారాలు బాగుచేసే పెద్దాయన సిగరెట్ మానకపోవడానికి ఒక్కటే కారణం. అది బయటికి చెబితే మతి చలించిందంటారని నోరు కుట్టేసుకున్నాడు.

కొట్టు వెనక సన్నటి ఖాళీ జాగా, ఒక గోడ, పైన వాళ్ళ వంటింటి కిటికీ. భార్య బతికున్న రోజుల్లో సాయంత్రం నాలుగింటికి అతనక్కడ అగ్గిపుల్ల గీస్తే చాలు, పైనుంచి రెండు దగ్గులు వినిపించేవి. పొట్టిగా, వెంటవెంటనే. చూశాన్లే, పారెయ్ అని దానర్థం. అతను దొంగనవ్వు నవ్వి, ఇంకో రెండు దమ్ములు లాగి మరీ పారేసేవాడు. ఇరవై ఏళ్ళు అదే వాళ్ళ సరసం. ఇంట్లో, ఆవిడ పక్కనే కూర్చుని కాల్చినవైతే చెప్పనే అక్కర్లేదు. ఒక చలికాలం ఆ రెండు దగ్గులు ఇరవై అయ్యాయి. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు డాక్టర్లు. అడిగినవాళ్ళందరికీ ఆవిడ వంటింటి పొగ వల్లేనని చెప్పింది. పక్కనున్న మహానుభావుడు అవునని తలూపాడు.

ఆవిడ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో కూతురి చేతిలో చెయ్యేసి, మానేశానన్నాడు. నెల్లాళ్ళు నిజంగానే మానాడు. ఆ తర్వాత ఒకరోజు ఉండబట్టలేక గోడ దగ్గర వెలిగించాడు. పైన కిటికీ మూసే ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. రెండు దగ్గులు వినిపించాయి. పొట్టిగా, వెంటవెంటనే. భయంతో ఒళ్ళు జలదరించింది, మరుక్షణం ప్రాణం లేచొచ్చింది. వెలిగించిన రోజే ఆ దగ్గు వినిపిస్తుందని కొద్దిరోజుల్లోనే అర్థమైంది. నాలుగేళ్ళుగా ఒక్కరోజు కూడా మానలేదు.

కూతురు పళ్ళ డాక్టరు. అతని కింది దవడ పన్ను పుచ్చితే తనే రూట్ కెనాల్ చేసింది. ఏడాదికి ఎక్స్‌రే తీస్తే వేరు కొసన ఎముక మానక నల్లమచ్చ అలాగే ఉంది. "మళ్ళీ గానీ కాలుస్తున్నావా నాన్నా?" అనడిగింది. "ఛ, ఒట్టు" అన్నాడు. ఆ పిచ్చిది నమ్మింది. పన్ను మళ్ళీ విప్పి, రెండు పూటలు వంగి కూర్చుని మొత్తం శుభ్రం చేసి మూసింది. ఆర్నెల్ల తర్వాత మచ్చ ఇంకా పెరిగింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఒట్టేశాడు. ఇక పన్ను తీసెయ్యడమేనంది.

పన్ను తీయించుకోవడానికి వెళ్ళిన రోజు క్లినిక్‌లో నర్సమ్మ అతన్ని పక్కకి పిలిచింది.

"బాబాయ్, అక్క రూట్ కెనాల్ కేసులన్నీ వేరే డాక్టర్లకి పంపించేస్తోంది. సొంత నాన్న పన్నే నిలబెట్టలేకపోయాను, ఇంకొకళ్ళ నోట్లో చెయ్యెలా పెట్టను అంటోంది."

అతను వెళ్ళి కుర్చీలో పడుకున్నాడు. కూతురు రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించింది.

"పంటి వేరులో ఎక్కడో సన్న దారి శుభ్రం చెయ్యకుండా వదిలేసుంటాను. నీ చేతి ఒడుపు నాకు రాలేదు నాన్నా. తప్పు నాదే. తీసేద్దాం."

వంటింటి పొగ అన్నప్పుడు ఆమె తల్లి గొంతు కూడా అచ్చం ఇలాగే ఉండేది. ఆనాడు తలూపినట్టే ఇప్పుడూ తలూపితే సరిపోతుంది. మత్తు సూది చిగుళ్ళ దాకా వచ్చింది. అతను కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగమ్మా. నీ చెయ్యి కాదు. నేను మానలేదు. రోజూ కాలుస్తున్నా."

ఆమె మాస్కు కిందికి లాగింది. "రెండుసార్లు అడిగాను."

"రెండుసార్లూ అబద్ధమే చెప్పాను."

"ఎందుకు నాన్నా?"

"కాలిస్తే మీ అమ్మ దగ్గు వినపడుతుంది."

నర్సమ్మ ట్రే తీసుకుని చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయింది. కూతురు గ్లవ్స్ విప్పి తన చేతులకేసి చూసుకుంది.

"అమ్మది వంటింటి పొగ కాదు కదా."

"కాదు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. ఆమె కుర్చీ పైకి లేపింది.

"నీ పొగో, నా చెయ్యో ఇప్పుడు తేలదు. పొగ తాగేవాళ్ళకి వేరు దగ్గర ఎముక మానడం కష్టమని మాత్రం తెలుసు. నొప్పి లేదుగా, పన్ను తీయకుండా ఆర్నెల్లు చూద్దాం. ఒక్కటి కూడా కాల్చకు. నా చెయ్యి సంగతి నాకు తెలియాలి."

మర్నాడు నాలుగింటికి కొట్లో గడియారాలన్నీ గంటలు కొట్టాయి. అతను అలవాటు కొద్దీ గోడ దగ్గరికి వెళ్ళాడు. అగ్గిపెట్టె జేబులోనే ఉంది, తీయలేదు. పైన మూసిన కిటికీకేసి చూస్తూ పావుగంట నిలబడ్డాడు. ఏ చప్పుడూ లేదు. భార్య పోయిందని అతనికి అప్పుడు తెలిసింది. నాలుగేళ్ళలో మొదటిసారి గోడకి తలానించి వెక్కి వెక్కి ఏడ్చాడు.