పసుపు రెక్సిన్ ముక్క

సోఫాలు తయారుచేసే ఆ షెడ్డులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరూ రెఫరీ అనేవారు. ఫ్రేముకి బట్ట బిగించడంలో చేయి తిరిగినవాడే గానీ, ఆ పేరు పనివల్ల వచ్చింది కాదు. టీవీలో ఫుట్‌బాల్ ఆటగాడు కిందపడ్డాడంటే, నిజంగా దెబ్బ తగిలిందా, నాటకమా అన్నది రీప్లే రాకముందే తేల్చేసేవాడు. చాలాసార్లు అతను చెప్పిందే నిజమయ్యేది. నిజం కానప్పుడు మైదానంలో ఉన్న రెఫరీదే తప్పని షెడ్డంతా ఏకగ్రీవంగా ఒప్పుకునేది.

అతని సూత్రం ఒక్కటే. నిజంగా దెబ్బ తగిలినవాడికి లోకం కనబడదు, కళ్ళు మూసుకుని తన కాలు తాను పట్టుకుంటాడు. నాటకమాడేవాడు నేలను తాకకముందే రెఫరీ మొహంలోకి చూస్తాడు. కాళ్ళు కాదురా, కళ్ళు చూడండి అని అందరికీ పాఠం చెప్పేవాడు. తను ఏనాడూ బంతిని తన్నిన పాపాన పోలేదు. అయినా ఆ ధీమా చూస్తే ఎవరికీ ఎదురు చెప్పబుద్ధయ్యేది కాదు.

ఈ తీర్పులు టీవీలోనే ఉండిపోతే గొడవే లేదు. ఒకరోజు కుట్టుమిషన్ పెద్దాయన అబ్బా అంటూ నడుం పట్టుకుని కూలబడితే, రెఫరీ చేతికందిన పసుపు రెక్సిన్‌లోంచి అరచేతంత ముక్క కత్తిరించి, నాటకమాడిన ఆటగాడికి మైదానంలో చూపే పసుపు కార్డులా గాల్లోకి ఎత్తాడు. అంతా పడీపడీ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వుతూనే లేచాడు. అప్పటినుంచి అదో ఆచారమైపోయింది. తల తిరుగుతోందన్నా, చేయి లాగుతోందన్నా రెఫరీ ముందు కళ్ళలోకి చూసేవాడు, తర్వాత చొక్కా జేబులోంచి ఆ ముక్క తీసేవాడు. కార్డు పడ్డవాడు అందరికీ టీ పెట్టాలి. నిజంగా నొప్పి ఉన్నవాళ్ళు కూడా ఆ నవ్వులకు జడిసి పళ్ళబిగువున పని చేస్తున్నారని రెఫరీకి తట్టలేదు. అంతమంది తన తీర్పు కోసం ఎదురుచూస్తుంటే ఎవరికి మాత్రం తడుతుంది?

ఎక్కువ కార్డులు పడింది అతని బావకే. బావంటే సొంత చెల్లెలి మొగుడు. చెక్క ఫ్రేములు బిగించడం అతని పని, నోరు మూతపడకుండా మాట్లాడటం అతని స్వభావం. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. ఆటగాళ్ళు ఎలా పడతారో పడి చూపించడంలో అతన్ని మించినవాడు లేడు. స్పాంజి కుప్పమీద గిరికీలు కొట్టి, చీలమండ పట్టుకుని, మొహం వంకరలు తిప్పుతుంటే చూసేవాళ్ళకి పొట్ట చెక్కలయ్యేది. కార్డు పడగానే సలాం కొట్టి స్టవ్ వెలిగించేవాడు.

అలాంటివాడు షెడ్డంతా అభిమానించే జట్టులో ఒక్క ఆటగాడి విషయంలో మాత్రం అందరికీ ఎదురు నిలిచేవాడు. ఎడమవైపు ఆడే ఆ కుర్రాడికి వీళ్ళు బొంగరం అని పేరు పెట్టారు, గాలి తగిలినా గిరగిరా తిరిగి పడతాడని. జట్టులోకి వచ్చిన కొత్తలో అతన్ని ఆకాశానికెత్తిన నోళ్ళే, సీజనంతా ఒక్క గోలూ రాకపోయేసరికి దుమ్మెత్తిపోయడం మొదలుపెట్టాయి. ఫామ్ పోయిందని ఒకరు, పొగరెక్కిందని ఒకరు. బావ మాత్రం తల అడ్డంగా ఊపేవాడు.

"ఎప్పుడూ పడేవాడికి ఒక్కసారన్నా నిజంగా తగలదా బావా?" అని అడిగేవాడు.

అలా అయితే తనకు తెలిసిపోతుందని రెఫరీ జవాబిచ్చేవాడు.

ఆ ఆదివారం ఏదో హోటల్ ఆర్డరు తొందరగా ఉందని అందరూ పనిలోకి వచ్చారు. మధ్యాహ్నం మ్యాచ్. బల్లమీద పాత టీవీ పెట్టుకుని, ఒక కన్ను పనిమీదా ఒక కన్ను ఆటమీదా వేశారు. బావ పొద్దుటినుంచీ ముభావంగా ఉన్నాడు. తలనొప్పి అన్నాడు. బొంగరంతోపాటు వాడి భక్తుడికీ ఫామ్ పోయిందని ఎవరో అంటే, మామూలుగా పదిమాటలు అప్పజెప్పేవాడు కాస్తా నవ్వి ఊరుకున్నాడు.

విరామానికి కాస్త ముందు బొంగరం గోల్ దగ్గర పడ్డాడు. ఎవరూ ముట్టుకోలేదు. అటు మైదానంలో పసుపు కార్డు, ఇటు షెడ్డులో తిట్ల వర్షం. ఆ కోపమంతా బావమీదికి మళ్ళింది. మీవాడు ఎలా పడ్డాడో చేసి చూపించాల్సిందేనని అందరూ వెంటపడ్డారు. పాలిష్ పనివాడు ఫోన్ తీసి పట్టుకున్నాడు. బావ వద్దన్నట్టు చేయి ఊపి, ఫ్రేము పట్టుకుని లేచాడు. ఒక అడుగు వేశాడు. కుడి మోకాలు మడతపడింది. ఫ్రేముని రాసుకుంటూ జారి, పక్కకి ఒరిగి పడ్డాడు. పడుతూ రెఫరీ మొహంలోకి చూశాడు.

రెఫరీ ఆ చూపు పట్టేశాడు. ఇంకేముంది, ముక్క జేబులోంచి గాల్లోకి లేచింది. బావ నేలమీద కూర్చుని నవ్వాడు. మూతి ఒకపక్కకే సాగిన ఆ నవ్వు చూసి, ఇంత బాగా ఎప్పుడూ చేయలేదని షెడ్డు చప్పట్లతో మారుమోగింది.

శిక్ష ప్రకారం బావే టీ పెట్టాడు. సగం ఒలకబోశాడు. రెఫరీకి గ్లాసు అందించింది ఎడమచేత్తో. కుడిచేత్తో తప్ప ఏదీ ఇవ్వని మనిషి ఇలా ఇచ్చాడేమిటని రెఫరీకి ఒక్క క్షణం అనిపించింది కూడా. అంతలో రెండో సగం మొదలైంది, కళ్ళు టీవీకి తిరిగిపోయాయి. ఆట అయ్యేసరికి బావ అక్కడ లేడు. అలిగి వెళ్ళిపోయాడనుకున్నారు.

చీకటిపడే వేళకి చెల్లెలు ఫోన్ చేసింది. భోజనానికి లేపితే ఆయన మాట ముద్దముద్దగా వస్తోందని, చేయి లేవడం లేదని ఏడ్చింది. రెఫరీ ఆసుపత్రికి పరుగెత్తేసరికి స్కాన్ తీయడం కూడా అయిపోయింది. డాక్టరమ్మ అన్నాచెల్లెళ్ళిద్దర్నీ మంచం పక్కనుంచి వరండాలోకి పిలిచింది. మెదడుకి రక్తం వెళ్ళే దారిలో గడ్డ అడ్డుపడిందని, దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉందని చెప్పింది. నర్సు ట్రే సర్దుతోంది.

"మొదటి కొద్ది గంటల్లోపే ఇవ్వాలి. ఆలస్యమయ్యాక ఇస్తే మెదడులో రక్తం కారి ప్రాణానికే ముప్పు. చివరిసారి ఆయన మామూలుగా ఉండగా ఎవరు చూశారు?"

చెల్లెలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తను పనినుంచి వచ్చేసరికే ఆయన పడుకుని ఉన్నాడంది. ఆ తర్వాత ఆశగా అన్న వైపు తిరిగింది.

"అన్నయ్య దగ్గరే కదా ఉన్నాడు. సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు కదా అన్నయ్యా?"

బాగానే ఉన్నాడు అనేస్తే సరిపోతుంది. ఆ రెండు ముక్కలకీ షెడ్డంతా సాక్ష్యం పలుకుతుంది. మందు పడుతుంది, తన పరువు నిలుస్తుంది, చెల్లెలు రేపు కూడా తనను అన్నయ్యా అని ఇలాగే పిలుస్తుంది. అంత సిగ్గుమాలిన ఆలోచన తనకి వచ్చినందుకు రెఫరీకి తనమీద తనకే రోత పుట్టింది. నర్సు ట్రేతో లోపలికి కదిలింది. అతను జేబులో చెయ్యి పెట్టాడు. ఫోన్ తీశాడు. పాలిష్ పనివాడు మధ్యాహ్నమే గ్రూపులో పెట్టిన వీడియో, దాని కింద వరసగా నవ్వే బొమ్మలు, పైన టైము.

"మధ్యాహ్నమే పడ్డాడు. మేం ఆటనుకున్నాం" అన్నాడు.

డాక్టరమ్మ నర్సుని ఆగమని చెయ్యెత్తి, ఫోన్ తీసుకుంది. వరండాలో ఉన్నట్టుండి కేరింతలు, ఈలలు, చప్పట్లు వినబడ్డాయి. బెంచీలమీది జనం తలలు తిప్పారు. ఆమె వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. మెల్లగా జరుపుతూ ఇంకోసారి చూసింది. అచ్చం రెఫరీ తన జీవితమంతా రీప్లేలు చూసినట్టే చూసింది.

"ఈ నవ్వులో కుడివైపు కదల్లేదు చూడండి. ఇక్కడే మొదలైంది" అంది.

ఇంజెక్షన్ ఇవ్వడానికి లేదని, ఇచ్చి ఉంటే చేతులారా చంపినవాళ్ళమయ్యేవాళ్ళమని చెప్పింది. రక్తనాళంలోకి గొట్టం పంపి గడ్డను లాగే దారి ఒకటుంది, అదీ ఇంకో స్కాన్ చూశాకే. మాట, చేయి తిరిగి వస్తాయో లేదో ఎవరూ చెప్పలేరట. ఆ మధ్యాహ్నమే తీసుకొచ్చి ఉంటే అన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

చెల్లెలు తిడుతుందని రెఫరీ ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె అతని వైపే చూడలేదు. వీడియోని కాస్త వెనక్కి జరిపి, పడే చోట ఆపి చూస్తోంది. అందులో బావ సగం పడి ఉన్నాడు. అతని కళ్ళు పక్కనున్న ఫ్రేము మీద లేవు, ఫోన్ పట్టుకున్నవాడి మీద లేవు.

"పడేటప్పుడు నీవైపే చూశాడు అన్నయ్యా."

"అవును. అందుకే నాటకమనుకున్నా."

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. మొగుడు ఊపినట్టే ఊపింది.

"పట్టుకుంటావని చూశాడు" అంది.