టెస్ నవ్విన రీలు

నిప్పుతో నా దగ్గరికి రాకండి. నేను ఒక పాతకాలపు సినిమా రీలును, సరిగ్గా చెప్పాలంటే అందులో మిగిలిన జానెడు ముక్కను. పత్తిని ఆమ్లంలో నానబెట్టి నన్ను తయారుచేశారు. తుపాకిమందులో ఒక రకం పుట్టుక కూడా ఇంచుమించు అలాంటిదే కాబట్టి, మాది పేలే వంశమే అనుకోండి. ఒంటికి పూసిన వెండిలో బొమ్మలు నిలుస్తాయి, ఒంట్లో మాత్రం ఎప్పుడూ నిప్పు పొంచి ఉంటుంది. మూగ సినిమాల రోజుల్లో హాలీవుడ్‌కు చేరాను. అక్కడ నా మీద బొమ్మగా నిలిచిన మనిషీ నాలాంటిదే.

ఆమె పేరు టెస్ బ్రానిగన్. ఇళ్లలో బట్టలుతికి బతికే తల్లికి పుట్టింది. జుట్టు మెడదాకా కత్తిరించుకుంది, నలుగురిలో సిగరెట్ కాల్చింది, మోకాళ్లు కనబడే గౌనుతో ఫొటోలకు నిలబడింది. "ఈ వేషాలు చూసి మీ అమ్మ ఏమంటోంది?" అని ఒక పత్రికాయన అడిగితే, "గౌను పొట్టిదైతే ఉతకడం తేలికంటోంది" అని చక్కా పోయింది. ఆదివారం చర్చిలో ఆమెను తిట్టిపోసిన పెద్దమనుషులే సోమవారం టోపీ కళ్లమీదికి లాక్కుని టికెట్ల వరుసలో కనబడేవాళ్లు.

నా మీద ఉన్నది ఒక కోర్టు సీను. మొగుణ్ణి వదిలేసి వచ్చిన అమ్మాయిగా టెస్ బోనులో నిలబడుతుంది. నీకు సిగ్గు లేదా అని జడ్జి గద్దిస్తాడు. ఆమె కళ్లు దించి తల వంచుతుంది. ఏడుస్తోందని అందరూ అనుకుంటారు. అప్పుడు మెల్లగా తలెత్తి, జడ్జిని కాదు, కెమెరాను సూటిగా చూసి పకపకా నవ్వుతుంది. రాసుకున్న కథలో ఆ నవ్వు లేదు. నిలబడ్డాక ఆమెకే తోచింది.

సినిమా విడుదలయ్యాక ఊరూరా నీతి సంఘాలు లేచాయి. స్టూడియో యజమాని హాస్కిన్‌కు చెమటలు పట్టాయి. టెస్‌ను పిలిపించాడు.

"తల వంచేదాకా ఉంచుదాం అమ్మాయ్. నవ్వు తీసేద్దాం. బుద్ధొచ్చిందనుకుని జనం ఊరుకుంటారు."

"అంటే చచ్చేదాకా నేను తల వంచుకునే ఉండాలా? నవ్వు తీసేస్తే నేనూ పోతాను."

"నువ్వొక్కదానివే పోవు. నీ బొమ్మలన్నీ పోతాయి, గుర్తుంచుకో."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆమె సినిమాల కాపీలన్నీ వెనక్కి తెప్పించి, వెండి కోసం కరిగించే తొట్టెల్లో వేయించాడు. నా తోటి రీళ్లు ఒక్కొక్కటే అందులో మునగడం చూశాను. నా వంతు రాకముందే టెస్ నన్ను కోటు కింద దాచి బయటికి తెచ్చింది. ఆ తర్వాత ఏ స్టూడియో ఆమెను గడప తొక్కనివ్వలేదు. మాట్లాడే సినిమాలు వచ్చేనాటికి టెస్ ఒక టోపీల దుకాణంలో పనికి కుదిరింది.

గాలి తగిలితే నేను పాడైపోతానని ఆమె భయం. నన్ను రేకు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం పోసి, పైన పట్టీ బిగించింది. ఆ ప్రేమే నా ప్రాణం మీదికి వచ్చింది. నా ఒంట్లోంచి ఎప్పుడూ సన్నగా ఆవిరి వస్తుంటుంది. దానికి పోయే దారి లేకపోతే తిరిగి నన్నే తింటుంది. చీకట్లో అది నన్ను కొరుక్కుంటూ వస్తుంటే, టెస్ మంచం మీద కూర్చుని సిగరెట్ కాలుస్తూ డబ్బా మీద చెయ్యి వేసేది. "నువ్వున్నావులే. ఎప్పటికైనా మనం నవ్వుదాం" అనేది. ఒక్క రవ్వ జారి నా మీద పడితే ఇల్లంతా లేచిపోయేది. అరుద్దామంటే నాది మూగ సినిమా.

ఏళ్లు గడిచాక, పాత సినిమాలు సేకరించే మ్యూజియం నుంచి ఎల్డన్ అనే నెమ్మదైన మనిషి వచ్చాడు. అప్పటికి టెస్ ముసలిదైంది. ఆ రోజు పెదాలకు రంగు వేసుకుంది.

"ఇన్నేళ్లూ గాలి కూడా సోకనివ్వలేదు" అంటూ గర్వంగా డబ్బాను ముందుకు తోసింది.

ఎల్డన్ ముఖం పాలిపోయింది. "ముందు ఆ సిగరెట్ ఆర్పేయండి మేడమ్."

మూత తీయగానే ఘాటు వాసన గుప్పున కొట్టింది. లోపల గోధుమరంగు పొడి, బంక. ఆయన ఓపిగ్గా వెతికి, ఒక ముక్కను విడదీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. అందులో టెస్ కళ్లు దించింది, తల వంచింది. ఆ తర్వాతదంతా బంకే.

"నవ్వేదీ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. మైనం పోసిన తన చేతులను ఆమె చాలాసేపు చూసుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"అది కూడా పారేయండి. తల వంచుకున్న నన్ను ఎవరికీ చూపించొద్దు."

"లోకంలో మీది మిగిలింది ఇదొక్కటే మేడమ్. ఎలా పారేయను?"

ఎల్డన్ చెడ్డవాడు కాదు. అందుకే పారేయలేకపోయాడు. టెస్ పోయాక నన్ను గాజుపెట్టెలో పెట్టి, గాలి ఆడేందుకు దానికి చిల్లులు చేయించాడు. పక్కన వేడి లేని దీపం ఉంచాడు. కింద ఆమె పేరు కూడా అందంగా రాయించాడు.

జనం వస్తారు, వంగి చూస్తారు. నిన్న ఒకావిడ తన కూతుర్ని దగ్గరికి లాక్కుని, "చూడవే, ఆ రోజుల్లో ఆడపిల్లలు ఎంత సిగ్గుగా ఉండేవాళ్లో!" అంది. హాస్కిన్ కోరుకున్నది సరిగ్గా ఇదే. నా ఒంట్లో నిప్పు ఒక్కసారి కదిలింది. "ఆ మరుక్షణమే ఆమె తలెత్తి నవ్విందమ్మా" అని చెప్పాలనిపించింది. చెప్పే ముక్క నా దగ్గర లేదు.