పెద్ద బాజాకు కొత్త మెడ

బుగ్గారం బాపు రావు దొర ఫోన్ చేసినప్పుడు మా పాషా చిచ్చా కోరుట్లలో ఇంటి ముందు కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. చిచ్చా అంటే మా నాన్న తమ్ముడు. నాకు ట్రంపెట్ నేర్పి మేళంలో పెట్టుకున్నది ఆయనే.

"బిడ్డ భవ్య పెండ్లి సిరిసిల్లల చేస్తున్నం పాషా. మేళం నీదే. పెద్ద బాజా మర్వకుంట తీస్కరా, దాన్ని జూడాలె" అన్నాడు దొర. ఫోన్ స్పీకర్లో ఉంది కాబట్టి నాకూ వినపడింది.

చిచ్చా సరేనని ఫోన్ పెట్టేసి, సగం చాయ్ అట్లాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయాడు. మేళం దొరికిందని సంబరపడాల్సిన మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దాన్ని జూడాలె" అన్న మాట ఆయన్ని పట్టుకుంది.

పెద్ద బాజా అంటే బేస్ శాక్సఫోన్. నిలబెడితే మనిషి రొమ్ము దాకా వస్తుంది, ఊదితే పందిరి గుంజలు అదురుతాయి. ఇప్పుడు ఏ మేళం చూసినా కీబోర్డు, ప్యాడ్లు, బండెడు స్పీకర్లే. మా మేళానికి ఇంకా నలుగురిలో పేరుందంటే ఆ బాజా వల్లే. చిచ్చా వాళ్ల తాత దాన్ని బుగ్గారం గడీలో, అంటే దొరల బంగళాలో, ఊదేవాడు. దొరలు గడీకి తాళం వేసి పట్నం పోయిన రోజుల్లో ఇంటికి మోసుకొచ్చాడు. వాళ్లు ఇచ్చేశారా, దాచిపెట్టమన్నారా, ఎవరూ ఏమీ అనకుండానే ఈయన తెచ్చుకున్నాడా, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. దొరలు ఎప్పుడు అడుగుతారోనన్న భయం బాజాతోపాటే మా గడప దాటి వచ్చి, బాజాతోపాటే చిచ్చా దాకా చేరింది.

ఇంకో చిక్కు ఉంది. నోట పెట్టుకునే ముక్కకీ బాజా ఒంటికీ నడుమ వంపు తిరిగిన గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని మేము మెడ అంటాం. ఆ మెడ మీద బాపు రావు తాత పేరు, 'అర్జున్ రావు' అని, చెక్కి ఉంది. సరిగ్గా ఆ మెడే అప్పుడు ఇంట్లో లేదు.

అది పగుళ్లిచ్చి చాలా ఏళ్లయింది. ఎన్ని మాట్లు వేసినా గాలి పోయేది. పైగా ఆ కాలపు బాజా శ్రుతి కీబోర్డు కంటే ఓ పిసరు ఎక్కువ, రెండూ కలిస్తే పళ్లు జివ్వుమనేవి. కాస్త పొడుగు మెడ పెడితే శ్రుతి దిగుతుందని, హైదరాబాదులో బాజాలు బాగుచేసే ఒకాయన కొలతలు పంపాడు. జగిత్యాలలో ఇత్తడి పని చేసే సారయ్యకి ఆ కొలతలూ, నమూనాగా పాత మెడా ఇచ్చి వచ్చాం.

"పాతది తెచ్చి పెట్టుకొని పోదాంరా ఆమిర్. కొత్తది సూస్తే, పేరు జెరిపేసి సొంతం జేసుకున్నరంటరు" అన్నాడు చిచ్చా.

నాకు ఒళ్లు మండింది. "ఎవ్వలంటరు చిచ్చా? గిప్పుడు గడీలున్నయా? ఉత్తగనే వణుకుతున్నవ్" అన్నాను. నాకు నోరెక్కువని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా చిచ్చాని ఎక్కించుకుని జగిత్యాలకు బండి తీశాను.

సారయ్య కొత్త మెడ తెచ్చి చేతిలో పెట్టాడు. లోపల లక్క పోసి వంచాడట, ఎక్కడా ఒక్క ముడత లేదు. చిచ్చా దాని వంక చూడనే లేదు. పాతది ఏదని అడిగాడు.

"పాతదా? గీ దాంట్లనే ఉన్నది గద! కరగవోసి గా కొసకున్న కట్లు జేసిన" అన్నాడు సారయ్య తాపీగా. "పాత ఇత్తడి ఇచ్చుడు, కొత్తది తీస్కపోవుడు. బిందెకైనా గంతే, చెంబుకైనా గంతే. ఉంచుమని నువ్వు ఒక్క మాటనకపోతివి పాషా భాయ్."

ఆయన తప్పేముంది? పాత బిందె ఇచ్చి కొత్త బిందె తెచ్చుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. మేమే చెప్పడం మర్చిపోయాం. చిచ్చా ఆ దుకాణం మెట్టు మీదే కూలబడి, నీళ్లు కావాలన్నాడు. తాగబోయి నీళ్లన్నీ అంగీ మీద పోసుకున్నాడు.

ఇంట్లో చిచ్చా భార్య జులేఖాబీ చిచ్చి ఒకటే పోరు పెట్టింది. "జొరమొచ్చిందని చెప్పు. పోకు."

"పోకపోతే ఇంటికే అస్తరు" అన్నాడాయన.

ఆ రోజు నుంచి వీధిలో కారు ఆగితే చాలు, చిచ్చా అన్నం ముందు నుంచి కూడా లేచేవాడు. నేను బలవంతం చేస్తే ఒకసారి కొత్త మెడ బిగించి ఊదాడు. ఇన్నేళ్లూ పడిశం పట్టిన గొంతుతో మూలిగిన బాజా, గుండె నిండా పలికింది. కీబోర్డుతో అతికినట్టు కలిసిపోయింది. చిచ్చా ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది. ఆ వెంటనే లేచి కిటికీలు మూశాడు.

"గింత మంచిగ పలికితే ఇడుస్తరారా?" అన్నాడు.

నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. ఎంత తిట్టుకున్నా, ఆ భయం నాకూ అంటుకుంది.

పెళ్లినాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బయలుదేరాం. కొడిమ్యాల దాటాక చిచ్చా రెండుసార్లు బండి ఆపించి దిగాడు. రెండుసార్లూ రోడ్డు పక్కన ఊరికే నిలబడి మళ్లీ ఎక్కాడు. సిరిసిల్ల ఫంక్షన్ హాల్ ముందు ఎదుర్కోళ్లకు వాయించాం. మగపెళ్లివారు బండ్లు దిగడం ఆపి మరీ బాజా వైపు చూశారు. కుర్రవాళ్లు ఫోన్లు పైకెత్తారు. అన్ని ఫోన్లు తన వైపే తిరిగేసరికి చిచ్చా డ్రమ్ముల వెనక్కి జరిగాడు.

భోజనాలయ్యాక దొర పిలిపించాడు. మనిషి చాలా మర్యాదస్తుడు, అరవై దాటినా మాట మెత్తన. కుర్చీ ఆయనే జరిపాడు. "కూసో పాషా. మంచిగ తిన్నరా అందరు?" అన్నాడు. చిచ్చా కూర్చోలేదు.

దొర కళ్లద్దాలు పెట్టుకుని మెడ మీద వేలు రాస్తూ అటూ ఇటూ తిప్పి చూశాడు. "చిన్నప్పుడు జూసిన. మాదాని మెడ మీద మా తాత పేరుండె. దీనికి లేదు గద" అన్నాడు. వేలు తీసేసి, "అయితే గిది మాది గాదు" అన్నాడు.

పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. సారయ్యకి కొత్త బట్టలు పెట్టాలనిపించింది. బిగుసుకున్న చిచ్చా భుజాలు కూడా సడలాయి.

దొర కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, అదే మెత్తటి గొంతుతో అడిగాడు. "మరి మాది ఏది పాషా?"

ఇది కాదంటే, ఉన్నదాన్ని మాయం చేసిన దొంగలమవుతాం. ఇదే అంటే బాజా పోతుంది. మీ వాళ్లు ఇచ్చి పోయిందే గదా, ఇన్నేళ్లు కాపాడింది మేమే గదా అని నేను అనొచ్చు. అన్ని మాటలూ గొంతు దాకా వచ్చాయి. అంత నోరున్న నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"గిదే దొరా" అన్నాడు చిచ్చా. "మెడ పగిలింది. కొత్తది జేపిచ్చిన. పాతది పొరపాటున కరగవోసిండ్రు."

"అరె, దానికేంది? ఇంగ మాకిస్తవా? కొత్త ఇంట్ల మా తాత ఫోటో పక్కకు పెట్టుకుంట" అన్నాడు దొర. బెదిరించలేదు. గొంతు పెంచలేదు. వక్కపొడి అడిగినట్టు అడిగాడు.

చిచ్చా వంగి మర తిప్పి కొత్త మెడ ఊడదీశాడు. దాన్ని తువ్వాలలో చుట్టుకుని గుండెకి పట్టుకున్నాడు. "బాజా మీది. గీ మెడ నాది దొరా. గిది లేంది అది పలుకది" అన్నాడు. నా జన్మలో ఆయన అంత గట్టిగా మాట్లాడగా వినలేదు.

దొర నవ్వాడు. అందులో వెక్కిరింత కూడా లేదు. "పలుకకున్నా ఫరక్ లేదు పాషా. నిలవెట్టుకోనీకే గద" అన్నాడు. ఇద్దరు పనివాళ్లు వచ్చి బాజాని లోపలికి ఎత్తుకుపోయారు.

ఎర్రటి ఎండలో తిరుగు ప్రయాణమయ్యాం. ఆటోలో డ్రమ్ముల మధ్య బాజా ఉండే చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడ కాళ్లు చాపుకోలేదు. చిచ్చా తువ్వాల విప్పి మెడ చూసుకుంటూ కూర్చున్నాడు.

"నేనన్నా ఒక మాట అనకపోతిని చిచ్చా. గట్ల గుంజుకుంటరా మనుషులు!" అన్నాను. అప్పటికి వచ్చింది నోరు.

"ఎవ్వలు గుంజుకున్నర్రా?" అన్నాడు చిచ్చా. "గుంజుకుంటే కొట్లాడెటోన్ని. నోరు దెరిచి అడిగితే ఇచ్చేస్తనేమోనని భయపడ్డ, ఇన్నేండ్లు. ఇచ్చేసిన."